ఆస్ట్రేలియా అవుట్‌బ్యాక్‌లో ఒంటరిగా: లిఫ్ట్ మేలా, వ్యాన్ మేలా?

అవుట్‌బ్యాక్ అంటే ఆస్ట్రేలియా లోపలి, జనం పలచగా ఉండే ఎడారి ప్రాంతం. దాని గుండా దక్షిణాన పోర్ట్ అగస్టా నుంచి ఉత్తరాన డార్విన్ దాకా వెళ్లే స్టువర్ట్ హైవే సుమారు 2,700 కిలోమీటర్లు. మొత్తం తారురోడ్డే. తక్కువ ఖర్చులో ఒంటరిగా ఈ దారి పట్టేవాళ్లకు మూడు మార్గాలున్నాయి. రోడ్డు పక్కన నిలబడి లిఫ్ట్ అడగడం ఒకటి. పెట్రోల్ ఖర్చు పంచుకునేలా ముందే మాట్లాడుకుని ఎవరి బండిలోనైనా వెళ్లడం రెండోది. మూడోది రీలొకేషన్: అద్దె కంపెనీ తన క్యాంపర్ వ్యాన్‌ను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చిపెట్టమని నామమాత్రపు అద్దెకు మన చేతికిస్తుంది. భారతీయులకు 2024 నుంచి ఏటా 1,000 వర్క్ అండ్ హాలిడే (పని చేసుకుంటూ దేశం తిరగనిచ్చే) వీసాలు లాటరీలో ఇస్తున్నారు. కాబట్టి మన కుర్రాళ్లకూ ఈ లెక్క పనికొస్తుంది.

లిఫ్ట్ అనగానే చాలామందికి ముందు హత్యలే గుర్తొస్తాయి. వరుస హంతకుడు ఐవన్ మిలాట్ చేతిలో చనిపోయిన ఏడుగురు యువ ప్రయాణికుల శవాలు దొరికింది సిడ్నీకి నైరుతిగా ఉన్న బెలాంగ్లో అడవిలో. అది అవుట్‌బ్యాక్ కాదు. 2001 జులైలో బారో క్రీక్ దగ్గర బ్రిటన్ పర్యాటకుడు పీటర్ ఫాల్కోనియో హత్య జరిగింది మాత్రం స్టువర్ట్ హైవే మీదే. కానీ అతను లిఫ్ట్ అడగలేదు, తన వ్యాన్‌లోనే వెళ్తున్నాడు. వెనక వచ్చిన బండివాడు ఆపమని సైగ చేస్తే ఆపాడు. సొంత బండి ఉన్నంత మాత్రాన ఆ భయం తీరదు. అయితే లిఫ్ట్ మీద వెళ్లేవాళ్లకు మామూలుగా వచ్చే చిక్కు వేరు: దిగకూడని చోట దిగడం.

ఈ హైవే మీద గ్లెండాంబో దాటాక కూబర్ పీడీ ఊరి వరకు దాదాపు 250 కిలోమీటర్లలో పెట్రోల్ బంకు లేదు, దుకాణం లేదు, ఫోన్ సిగ్నల్ నమ్మలేం. అక్కడి నుంచి మార్లాకు మరో 230. ఈ మధ్యలో పశువుల స్టేషన్‌లకు (భారీ పశు క్షేత్రాలకు) వెళ్లే మట్టిదారులు చీలుతుంటాయి. స్టేషన్ మనిషి మంచివాడే, సంతోషంగా ఎక్కించుకుంటాడు. వంద కిలోమీటర్లు పోయాక తన మలుపు రాగానే దింపేసి వెళ్లిపోతాడు. తర్వాత మిగిలేది గులకరాళ్ల నేల, నీడలేని ఎండ. అందుకే ఎక్కే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత దూరం వెళ్తారు?" కాదు, "హైవే వదిలి ఎక్కడ తిరుగుతారు?" అని. జవాబు రోడ్‌హౌస్ (హైవే పక్కన పెట్రోల్, తిండి, బస దొరికే చోటు) పేరో ఊరి పేరో కాకపోతే ఆ బండి ఎక్కొద్దు, రేపటిదాకా ఆగాల్సి వచ్చినా సరే.

అడగడానికి మంచి చోటు రోడ్డు కాదు, రోడ్‌హౌస్ పంపు. పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా పెట్రోల్ కొట్టించుకునేవాళ్లను నేరుగా పలకరించాలి. అక్కడైతే మనిషి ముఖం, నోటి వాసన, బండిలో ఇంకా ఎవరున్నారన్నది తెలుస్తుంది. కారు వెనక కారవాన్ (చక్రాల ఇల్లు) తగిలించుకుని తిరిగే రిటైర్డ్ దంపతులకు మనసున్నా వెనక సీటు సామానుతో నిండి ఉంటుంది. రోడ్‌ట్రైన్ (వరుసగా ట్రైలర్లు లాగే భారీ ట్రక్కు) డ్రైవర్లలో ఎక్కువమందికి కంపెనీ ఇన్సూరెన్స్ అడ్డం. పైగా 53.5 మీటర్ల బండి మీ కోసం రోడ్డు పక్కన ఆగుతుందని ఆశపడొద్దు. అది పక్కనుంచి పోయేటప్పుడు గాలి లాగుతుంది, రాళ్లు ఎగురుతాయి. నాలుగైదు మీటర్లు వెనక్కి జరిగి నిలబడాలి. రోడ్డు మీదికి అడుగుపెట్టి చెయ్యి చాపితే చట్టంతో చిక్కు. క్వీన్స్‌ల్యాండ్‌, విక్టోరియాల్లో ఈ విషయం మరీ గట్టిగా పట్టించుకుంటారు.

ఎక్కే ముందు నంబర్ ప్లేటు ఫొటో తీసి, సిగ్నల్ ఉండగానే ఎవరికైనా పంపండి, డ్రైవర్‌కు కనిపించేలాగే. బ్యాగు ఒళ్లో. నీళ్లు డిక్కీలో పెట్టొద్దు, దిగేటప్పుడు అవి బండితోపాటే పోతాయి.

నీళ్ల లెక్కలోనే లిఫ్ట్ ఓడిపోతుంది. ఎండలో నడిస్తే గంటకు లీటరు కావాలి. వీపు మీద పది లీటర్లు మోస్తే పది కిలోలు, దానికి టెంటు, తిండి కలిపితే కదలడమే కష్టం. వ్యాన్‌లో రోజుకు పది లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు సులువుగా పడతాయి. నీడ కూడా బండితోనే వస్తుంది. బండి చెడిపోతే దాన్ని వదిలి నడవకూడదన్న నియమం పుట్టింది అందుకే. ఏ మార్గమైనా 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ (ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం) కొని, ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర ఉచితంగా రిజిస్టర్ చేయించుకోవాలి. నొక్కితే కనీసం 24 గంటలు సంకేతం పంపుతుంది. ట్రక్కువాళ్లతో మాట్లాడాలంటే యూహెచ్‌ఎఫ్ రేడియోలో చానెల్ 40.

రాత్రి పడకలో స్వాగా, టెంటా అన్నది బండి ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలిపోతుంది. మందపాటి కాన్వాస్‌లో పరుపు కుట్టిన స్వాగ్ పది కిలోల దాకా తూగుతుంది, బండి లేనివాడు మోయలేడు. లిఫ్ట్ వాళ్లకు లోపల దోమతెర ఉన్న, మేకులు లేకున్నా నిలబడే చిన్న టెంటే గతి. నేల గట్టితనానికి అల్యూమినియం మేకులు వంగిపోతాయి, తాళ్లను రాళ్లకు కట్టుకోవాల్సి వస్తుంది. గాలి నింపే పరుపు పల్లేరు లాంటి ముళ్లకు ఒక్క రాత్రిలో చిల్లులు పడుతుంది. ఫోమ్ చాప లావుగా ఉన్నా అదే మేలు. ఎడారి కదా అని పలుచటి దుప్పటి తెచ్చుకుంటే జులైలో ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర మంచు గడ్డకట్టే చలికి నిద్ర పట్టదు. సున్నా డిగ్రీలకు సరిపడే స్లీపింగ్ బ్యాగు కావాలి.

లిఫ్ట్ మీద వచ్చినవాళ్లు రోడ్‌హౌస్ వెనక డబ్బు కట్టే క్యాంపులోనే పడుకోవాలి. తెల్లారి బండి దొరికేది అక్కడే. బండి ఉన్నవాళ్లు 24 గంటలు ఉండనిచ్చే ఉచిత రెస్ట్ ఏరియాలు వాడుకోవచ్చు, అక్కడి ట్యాంకు నీళ్లు మాత్రం మరిగించుకుని తాగాలి. ఎండిన వాగులో పడక వేయొద్దు, ఎక్కడో కురిసిన వాన రాత్రికి అక్కడికి వస్తుంది. రివర్ రెడ్ గమ్ చెట్ల కింద కూడా వద్దు, గాలి లేకున్నా కొమ్మలు విరిగిపడతాయి.

బండి నడపడం వచ్చి, 21 దాటిన ఒంటరి మనిషికి రీలొకేషన్ వ్యానే మేలు. దాని మెలిక ఒప్పందంలో ఉంటుంది. తక్కువ రోజుల గడువు, మట్టిరోడ్డు నిషేధం, చాలా కంపెనీల్లో ఊరి బయట రాత్రి ప్రయాణానికి ఇన్సూరెన్స్ వర్తించకపోవడం. చీకటి పడే వేళ కంగారూ తగిలితే ఆ ఖర్చు మనదే. గడువు తక్కువని రోజుకు వెయ్యి కిలోమీటర్లు తోలేవాళ్లున్నారు. ఒంటరి డ్రైవర్‌కు ఆరేడు వందలు చాలు. వందతో పోయే రోడ్‌ట్రైన్‌ను 130తో దాటాలంటే ఎదుర కిలోమీటరున్నర ఖాళీ కనిపించాలి. లేకపోతే వెనకే ఉండడం నయం.

డ్రైవింగ్ రానివాళ్లకు పెట్రోల్ పంచుకునే బండి. హాస్టల్ నోటీసు బోర్డుల్లో దొరుకుతుంది. బండి పాడైతే ఖర్చెవరిది, రాత్రి మజిలీ ఎక్కడ, మందు విషయం ఏమిటి అన్నవి బయల్దేరక ముందే తేల్చుకోవాలి. స్టెప్నీలో గాలి ఉందో లేదో మీరే వంగి చూడండి. ఒంటరి ఆడపిల్లలు ఒక్క మనిషి ఉన్న బండి కంటే ఇద్దరు ముగ్గురున్నది ఎంచుకోవడం మంచిది.

లిఫ్ట్‌కు మే నుంచి సెప్టెంబర్ వరకే కాలం, అదీ స్టువర్ట్ హైవే మీదే. పక్కదారులైన ఊడ్నడాటా ట్రాక్, టనామి రోడ్లకు వాన పడితే గేటు మూసేస్తారు, ఎండ కాస్తే బండ్లు అరుదు. గ్రేట్ సెంట్రల్ రోడ్డుకైతే ఆదివాసీ భూముల పర్మిట్లు ముందే తీసుకోవాలి. కాథరిన్ ఊరు దాటాక ఉత్తరాన వాగుల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి కాబట్టి టెంటు నీటి అంచుకు కనీసం 50 మీటర్ల దూరంలో వేయాలి, గిన్నెలు ఆ ఒడ్డున కడగకూడదు.