కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) చేతికొచ్చాక: అందరూ ఒకేసారా, సాఫ్ట్ ల్యాండింగా, ఒకరు ముందు వెళ్లడమా?

వీఎఫ్ఎస్ (వీసా దరఖాస్తుల కేంద్రం) నుంచి పాస్‌పోర్టులు వీసా స్టాంపుతో ఇంటికొచ్చిన రోజు సంబరం ఎంతో, ఆ మర్నాటి నుంచి చర్చ అంత. ఎప్పుడు వెళ్దాం, ఎవరెవరం వెళ్దాం, వెళ్లి ఉండిపోదామా, ఒకసారి ముద్ర వేయించుకుని తిరిగొద్దామా (దీన్నే సాఫ్ట్ ల్యాండింగ్ అంటారు)? ఈ మధ్య నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులున్నారు, విజయవాడ నుంచి ఒక నర్సు కుటుంబం ఉంది, అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న దంపతులున్నారు. మేము కూడా ఈ మధ్యే ఈ లెక్కలన్నీ వేసుకుని వచ్చాం. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దరఖాస్తు, సీఆర్ఎస్ పాయింట్లు, మెడికల్స్ (వైద్య పరీక్షలు) సంగతి మీకు తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు సీఓపీఆర్ (పీఆర్ మంజూరైనట్టు ఇచ్చే పత్రం) మీద ఉన్న గడువు తేదీ చూడండి. మామూలుగా అది మెడికల్ అయిన రోజు నుంచి ఏడాది, లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే అది. దాన్ని పొడిగించరు. కుటుంబంలో ప్రతి ఒక్కరూ ఆ తేదీలోపు కెనడా నేల మీద దిగాలి. ఇంకో నియమం కూడా ఉంది, దాన్ని చాలామంది టికెట్లు బుక్ చేసేదాకా పట్టించుకోరు. మెయిన్ అప్లికెంట్ (ఎవరి పేరు మీద దరఖాస్తు పెట్టారో వాళ్లు) కంటే ముందు మిగతావాళ్లు ల్యాండ్ కాకూడదు, అంటే అక్కడ దిగి పీఆర్‌గా నమోదు కాకూడదు. వాళ్లతో కలిసి వెళ్లొచ్చు, తర్వాత వెళ్లొచ్చు. మన ఇళ్లలో పాయింట్లు ఎక్కువ వస్తాయని భార్యను మెయిన్ అప్లికెంట్‌గా పెట్టడం మామూలే. అప్పుడు భర్త ముందు వెళ్లి ఉద్యోగం చూసుకుంటాడనే ప్లాన్ కాగితం మీదే ఆగిపోతుంది. ఆమె ముందు వెళ్లాలి, లేదా ఇద్దరూ కలిసి దిగాలి.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం అయిదేళ్ల గడియారం. పీఆర్ నిలబెట్టుకోవాలంటే ప్రతి అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలని అందరికీ తెలుసు. ఆ అయిదేళ్లు ల్యాండ్ అయిన రోజు నుంచే మొదలవుతాయి, ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా. సాఫ్ట్ ల్యాండింగ్ చేసేవాళ్లు దీన్ని "ఇంకా మూడేళ్లు చేతిలో ఉన్నాయి" అని చదువుకుంటారు. లెక్క ప్రకారం అది నిజమే. కానీ ఆ మూడేళ్లూ వాడేసుకున్నాక ఏం మిగులుతుందో చూడండి. 2025 ఆగస్టు 10న ల్యాండ్ అయి, రెండు వారాలుండి తిరిగొచ్చారు అనుకుందాం. ప్రాజెక్టు, ప్రమోషన్, ఇంటి లోను, ఇలా ఒకటి తర్వాత ఒకటి చూసుకుని 2028 జూన్ 10న పూర్తిగా వెళ్లారు. 2030 ఆగస్టు 10లోపు 730 రోజులు నిండాలి. అంటే ఆ రెండేళ్ల పైచిలుకులో దేశం బయట గడపడానికి మిగిలేది రెండున్నర నెలలే. ఈలోగా ఊళ్లో నాన్నకు బైపాస్ అయితే? చెల్లి పెళ్లి కుదిరితే? కొత్త దేశంలో మొదటి రెండేళ్లలోనే ఇంటికి రావాల్సిన అవసరం ఎక్కువ పడుతుంది, ఇంటి మీద బెంగ కూడా అప్పుడే ఎక్కువ. ఆ సమయంలోనే టికెట్ కొనే ముందు రోజులు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. ఇంత టెన్షన్ పెట్టుకుని వెళ్లినవాళ్లను దగ్గర నుంచి చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సాఫ్ట్ ల్యాండింగ్‌లో యువ దంపతులకు ఇంకో చిక్కుంది. ల్యాండ్ అయి తిరిగొచ్చాక ఇండియాలో బిడ్డ పుడితే ఆ బిడ్డకు పీఆర్ రాదు. తల్లిదండ్రులు స్పాన్సర్ చేయాలి. పీఆర్ ఉన్నవాళ్లు కెనడాలో నివసిస్తుంటేనే స్పాన్సర్ చేయగలరు, బయట ఉండి చేసే వీలు పౌరులకే ఉంది. అంటే ఒకరు అక్కడికి వెళ్లి ఉండి, కాగితాలు పెట్టి, పసిబిడ్డ కోసం ఎదురుచూడాలి. ల్యాండింగ్‌కు ముందే బిడ్డ పుడితే, లేదా పెళ్లయితే, ఆ విషయం ఐఆర్‌సీసీకి (కెనడా ఇమిగ్రేషన్ శాఖకు) చెప్పి ఫైలులో చేర్పించకుండా విమానం ఎక్కకండి. చెప్పకుండా దిగితే ఆ మనిషిని తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యుల కోటాలో) స్పాన్సర్ చేసే దారి మూసుకుపోవచ్చు. కన్సల్టెంట్ "ఏం కాదు" అన్నా వినకండి.

అలాగని సాఫ్ట్ ల్యాండింగ్ తప్పని నేను అనను. సీఓపీఆర్ గడువు రెండు నెలల్లో ఉంది, కంపెనీలో నోటీసు పీరియడ్ 90 రోజులు, పెద్దవాడికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఇలాంటప్పుడు వేరే దారి లేదు, వెళ్లి దిగి రావాల్సిందే. అయితే ఇండియాకు తిరిగొచ్చే ముందే మళ్లీ కెనడా వెళ్లే నెల అనుకుని పెట్టుకోండి. పది నెలల్లోనో ఏడాదిలోనో వెళ్లిపోయేవాళ్లకు గడియారం పెద్ద ఇబ్బంది కాదు. పీఆర్ కార్డు కెనడా అడ్రసుకే పోస్టులో వస్తుంది కాబట్టి నమ్మకమైన స్నేహితుల ఇల్లు ఒకటి కావాలి. 180 రోజుల్లోపు అడ్రసు ఇవ్వకపోతే కార్డుకు ఫీజు కట్టాలి. కార్డు లేకుండా విమానంలో తిరిగి వెళ్లాలంటే పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ తీసుకోవాలి. ఒంటారియో (టొరంటో ఉన్న రాష్ట్రం) హెల్త్ కార్డు, అంటే ప్రభుత్వ వైద్య బీమా, మాత్రం రెండు వారాలుండి పోయేవాళ్లకు కాదు. ఆ రాష్ట్రమే మీ ఇల్లు కావాలి, 12 నెలల్లో 153 రోజులు అక్కడ ఉండాలి.

ఇక అందరూ ఒకేసారి సామాను కట్టుకుని వెళ్లడం. మనసుకు ఇదే బాగుంటుంది, పిల్లలు తండ్రికి దూరం కారు. ఎవరికైనా అక్కడ ముందే ఉద్యోగం ఖాయమైతే, లేదా సొంత అన్నదమ్ముల ఇల్లుంటే, ఇంకేం ఆలోచించకుండా ఇదే చేయండి. మిగతావాళ్లు మాత్రం నెల ఖర్చు కాగితం మీద పెట్టి చూసుకోవాలి. 2025 జులైలో సవరించిన లెక్క ప్రకారం నలుగురి కుటుంబం చూపించాల్సిన సెటిల్‌మెంట్ ఫండ్స్ (కొత్తలో బతకడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు) 28,362 కెనడా డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ టొరంటో చుట్టుపక్కల నలుగురికి సరిపడే ఇంటి అద్దె, కిరాణా, ఫోన్లు, బస్సులు, చలికోట్లు కలిపితే అది నెలనెలా ఎంత తరిగిపోతుందో వచ్చిన కొత్తలోనే తెలిసిపోతుంది. పైగా ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు ఉద్యోగం లెటరు, క్రెడిట్ స్కోరు అడుగుతారు. కొత్తగా దిగినవాళ్ల దగ్గర రెండూ ఉండవు. ఉద్యోగం దొరికేదాకా ఏదో ఒక పని చేద్దామనుకున్నా, 2025 అక్టోబర్ నుంచి ఒంటారియోలో కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు. వారానికి 40 గంటలు చేస్తే నాలుగు వారాలకు పన్ను కోతకు ముందు 2,816. ఒంటరి మనిషి బేస్‌మెంట్‌లో గది తీసుకుని ఆ డబ్బుతో నెట్టుకురావచ్చు. భార్యాపిల్లలతో అయితే ప్రతి నెలా దాచుకున్న దాంట్లోంచి తీయాల్సిందే. డబ్బు తరిగేకొద్దీ కంగారు పెరుగుతుంది, ఆ కంగారులో తన అనుభవానికి తగని ఉద్యోగం ఒప్పుకున్నవాళ్లు ఎంతమందో.

అందుకే నా ఓటు మూడోదానికి: మెయిన్ అప్లికెంట్ ముందు వెళ్లి అక్కడే ఉండిపోవాలి, మిగతావాళ్లు తమ సీఓపీఆర్ గడువులోపు వెనక నుంచి రావాలి. మేము చేసింది ఇదే. నేను మార్చిలో వెళ్లాను, మా ఆవిడ, పిల్లలు జులై చివర్లో వచ్చారు. ఆ నెలలు సులువుగా గడిచాయని చెప్పను. రాత్రి పూట వీడియో కాల్‌లో చిన్నది "నువ్వెప్పుడొస్తావు" అంటే ఏం చెప్పాలో తోచేది కాదు. కానీ ఆ వ్యవధిలో నేను సిన్ నంబరు (అక్కడ పనిచేయడానికి కావాల్సిన గుర్తింపు సంఖ్య) తీసుకున్నాను, బ్యాంకు ఖాతా తెరిచాను, అక్కడి ఫోను నంబరుతో రెజ్యూమె పంపడం మొదలుపెట్టాను. ఇండియా నంబరుతో పంపినప్పుడు తలుపులే తెరుచుకోని చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. స్కూలు చూసుకుని ఇల్లు తీసుకున్నాను. అక్కడ ప్రభుత్వ స్కూల్లో సీటు సాధారణంగా ఇంటి అడ్రసును బట్టే వస్తుంది కాబట్టి ఈ వరస ముఖ్యం. పిల్లలు వచ్చేసరికి సెప్టెంబర్‌లో బడి తెరవడానికి నెల రోజులు ఉంది. మన దగ్గర ఏప్రిల్‌కి చదువు ముగుస్తుంది, అక్కడ సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే మర్నాడు మొదలవుతుంది. మధ్యలో ఒక్క తరగతి కూడా పోదు.

భార్య మెయిన్ అప్లికెంట్ అయితే ఇదే పద్ధతిని కొంచెం మార్చుకోవచ్చు. నలుగురూ కలిసి వెళ్లి ల్యాండ్ అయి, రెండు మూడు వారాలు ఉండి, ఒకరు అక్కడ ఆగి మిగతా ముగ్గురూ తిరిగొస్తారు. టికెట్ల ఖర్చు పెరుగుతుంది, వెనక్కి వచ్చినవాళ్ల గడియారం కూడా నడుస్తుంటుంది. కానీ ఏడాదిలోపు తిరిగి వెళ్లేవాళ్లకు అది భారం కాదు. గడువు మరీ దగ్గరగా ఉన్నవాళ్లకు కూడా ఇదే సరిపోతుంది. ఉద్యోగం దొరికేదాకా కుటుంబాన్ని ఇండియాలోనే ఆపి, ఈలోగా వాళ్ల సీఓపీఆర్ మురిగిపోయేలా మాత్రం చేసుకోవద్దు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా గడువుకు నెల ముందైనా వాళ్లు దిగాలి.

అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కెనడా పీఆర్ ఎక్కువగా ముందు జాగ్రత్త కోసమే. కారులో నయాగరా దగ్గర రెయిన్‌బో బ్రిడ్జి దాటి, ల్యాండ్ అయి, ఆదివారానికి ఇంటికి వచ్చేస్తారు. సొంత కారులో సరిహద్దు దాటేటప్పుడు పీఆర్ కార్డు లేకపోయినా సీఓపీఆర్ చూపి వెళ్లే వీలుంది కాబట్టి వాళ్లకు సాఫ్ట్ ల్యాండింగ్ సులువే. 730 రోజుల లెక్క మాత్రం అందరికీ ఒకటే. ఇక గడువు చివరి వారం దాకా ఆగి దిగే పద్ధతి గురించి చెప్పడానికేమీ లేదు. విమానం రద్దయినా, ఎవరికైనా జ్వరం వచ్చినా అన్నీ మొదటికొస్తాయి.

ఏ దారి ఎంచుకున్నా రెండు పనులు ముందే చేసుకోండి. మొదటిది బంగారం. మనవాళ్లు తీసుకెళ్లేదాంట్లో విలువైంది అదే. వచ్చేముందు మా ఆవిడ హారం, గాజులు, నల్లపూసలు ఒక్కొక్కటీ తెల్లకాగితం మీద పెట్టి ఫొటో తీసి, పక్కన బరువు, షాపు బిల్లు ప్రకారం విలువ రాసుకుంది. వెంట తెచ్చిన సామాను ఒక పట్టికగా, తర్వాత రాబోయేది ఇంకో పట్టికగా రాసింది. టొరంటో పియర్సన్‌లో ఇమిగ్రేషన్ అధికారి అడ్రసు, డబ్బు వివరాలు అడిగి సీఓపీఆర్ మీద సంతకం చేయించుకున్నాక కస్టమ్స్ దగ్గరకు పంపారు. అక్కడి అధికారిణి పేజీలు తిప్పి, ఫొటోలు చూసి, ముద్ర వేసి ఒక కాపీ తిరిగి ఇచ్చింది. ఆ కాపీ పాస్‌పోర్టులతో పాటే దాచుకున్నాం. సాఫ్ట్ ల్యాండింగ్ వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే తర్వాత సుంకం లేకుండా తెచ్చుకోవాలంటే బీరువాలో వదిలిన నగలన్నీ మొదటిసారి దిగినప్పుడే రాబోయే సామాను పట్టికలో రాసి ఉండాలి. ల్యాండ్ అయ్యాక కొన్న నగ ఆ లెక్కలోకి రాదు.

రెండోది డబ్బు పంపడం. 2025 ఏప్రిల్ నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశానికి పంపేది 10 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు తిరిగొచ్చినా, డబ్బు అత్యవసరమైన నెలల్లో అది ఇరుక్కుపోతుంది. భార్యాభర్తలిద్దరి ఖాతాల నుంచి పంపడం, కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపడం మేలు. మార్చిలో వెళ్లి జులైలో కుటుంబాన్ని తెచ్చుకునేవాళ్లకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. 10,000 కెనడా డాలర్లు, అంతకు పైన నగదు చేతిలో ఉంటే కస్టమ్స్‌కు చెప్పాలి. దానికి పన్నేమీ ఉండదు, చెప్పకపోతేనే జప్తు, జరిమానా.