హైనెస్ సీబీ350: శ్రీశైలం ఘాట్‌లో తెలిసిన బరువు లెక్క

హోండా హైనెస్ సీబీ350 కొన్నేళ్లుగా నడుపుతున్నాను. రెట్రో బండి కొనే ముందు అందరూ చేసే లెక్కే నేనూ చేశాను, హార్స్‌పవర్‌ని బరువుతో భాగించి చూడటం. ఆ లెక్కలో ఇది పెద్దగా ముందుండదు. 181 కిలోలకు 21 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే). టీవీఎస్ రోనిన్ 160 కిలోలకే 20.4 ఇస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పవర్ కూడా ఇంచుమించు అంతే, బరువు మాత్రం 195 కిలోలు. నాకు ఈ బండి మీద ప్రేమ పుట్టింది బ్రోషర్‌లో పవర్ కింద ఉండే ఇంకో అంకె వల్ల: ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పుడే 30 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం.

దాని విలువ శ్రీశైలం వెళ్లినప్పుడు తెలిసింది. వెనక మా ఆవిడ, రెండు పక్కలా నిండు బ్యాగులు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కదా, గేటు తీసే వేళకు అక్కడ ఉండేలా బయల్దేరాం. నల్లమల హాయిగా గడిచిపోయింది. దోమలపెంట దాటి కృష్ణ దాకా దిగి, వంతెన మీదుగా సున్నిపెంట వైపు ఎక్కుతుంటే ముందు లోడు లారీ తగిలింది. ప్రతి మలుపులోనూ దాదాపు ఆగిపోతోంది. నా పాత 150 సీసీ బండికి ఇక్కడే ఊపిరాడేది కాదు. ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్, ఇంజిన్ గోల, కాసేపటికి క్లచ్ ప్లేట్లు కాలిన వాసన. ఈ బండి సెకండ్ గేర్‌లోనే, క్లచ్ పూర్తిగా వదిలేసినా, దడదడలాడకుండా నెమ్మదిగా లాక్కుంటూ పోయింది. లారీ ఆయన దారి ఇచ్చాక గేరు మార్చకుండానే దాటేశాం. పైకి చేరాక మా ఆవిడ "ఈసారి ఘాట్ ఎక్కినట్టే లేదండీ" అంది. బండి గురించి ఆమె మెచ్చుకున్న మొదటి మాట అదే.

ఇంటికొచ్చాక లెక్క మళ్లీ వేశాను. 3000 దగ్గర 30 ఎన్ఎం అంటే దాదాపు 12.8 పీఎస్. మొత్తం పవర్‌లో సగానికి పైగా అక్కడే అందుతోంది. రోనిన్ టార్క్ 20 ఎన్ఎం లోపే, క్లాసిక్‌ది 27, అదీ 4000 దగ్గర. ఇంకో సంగతి, బరువులో మనల్నీ కలుపుకోవాలి. ఇద్దరూ, సామానూ కలిపి 150 కిలోలు వేస్తే ఇది 331, రోనిన్ 310. పవర్‌ని బరువుతో భాగించిన లెక్కలో కాగితం మీద పది శాతం దాకా ఉన్న తేడా నాలుగు లోపుకు పడిపోతుంది. కొన్ని బ్రోషర్లలో పెట్రోలు లేని బరువు వేస్తారు, అదీ చూసుకోండి. 15 లీటర్ల ట్యాంకు నిండితే దగ్గర దగ్గర 11 కిలోలు.

తేలికైన బండి అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. కదులుతున్నప్పుడు ఇప్పటికీ అదే అంటాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ర్యాంప్ పక్కన నాకు దొరికిన చోటు వాలుగా ఉంటుంది. అక్కడి నుంచి రోజూ పొద్దున ఇంజిన్ ఆపి వెనక్కి లాగాలంటే 181 కిలోలూ చేతుల్లోకి వస్తాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లు, ఎత్తు తక్కువ వాళ్లు షోరూమ్‌లో బండి ఎక్కి కూర్చోవడంతో ఆపకుండా, దిగి వెనక్కి తోసి చూడాలి. వందకు పైన ఓవర్‌టేక్ చేయాలంటే కూడా ముందే చూసుకుని వెళ్లాలి, 21 పీఎస్ అంతవరకే.

నేను ఎక్కువగా ఇద్దరం కలిసి, అరవై, ఎనభై మధ్య, గుళ్లూ ఘాట్లూ తిరిగే మనిషిని. నాకు ఇది సరిగ్గా కుదిరింది. ఒక్కరే బెంగళూరు హైవే మీద తరచూ వేగంగా వెళ్లేవాళ్లయితే ఇంతకంటే చాలా ఎక్కువ పవర్ ఇచ్చే ట్రయంఫ్ స్పీడ్ 400 కూడా నడిపి చూడండి, అక్కడ నా బండి దాన్ని అందుకోలేదు.