ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ఫ్యాక్ట్‌షీట్లలో బీపీ, షుగర్ లెక్కలు: ఒక సమీక్ష

దీర్ఘకాలిక వ్యాధుల ముప్పు మన ఇళ్లలో ఎంత ఉందో తెలుసుకోదలచిన వారికి, ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ (ఐఐపీఎస్) నిర్వహణలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ఫ్యాక్ట్‌షీట్లు, అంటే ముఖ్యమైన అంకెల పట్టికలు, ఎంతో విలువైనవి. దాదాపు 6.37 లక్షల ఇళ్లలో సేకరించిన ఈ సమాచారం 707 జిల్లాలకు విడివిడిగా, ఉచితంగా లభిస్తుంది. పైగా ఇది కేవలం అడిగి రాసుకున్న లెక్క కాదు. 15 ఏళ్లు, ఆపైన వయసున్న వారికి ఇంటి దగ్గరే బీపీ మూడుసార్లు చూసి, వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ పరీక్షించారు.

ఆంధ్రప్రదేశ్ షీటు తెరిస్తే షుగర్ ఎక్కువగా ఉన్నవారు, దానికి మందులు వాడుతున్నవారు కలిపి స్త్రీలలో 19.5 శాతం, పురుషులలో 21.8 శాతం అని కనిపిస్తుంది. దేశ సగటు 13.5, 15.6 శాతాలే కనుక ఈ తేడాను తేలిగ్గా తీసుకోలేము.

అయితే నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడినది షీటులో నేరుగా రాయని అంకె. బీపీకి మూడు వరుసలుంటాయి: కొద్దిగా పెరిగినవారు, మధ్యస్థంగా లేదా తీవ్రంగా పెరిగినవారు, ఆ రెండు వర్గాలతో పాటు మందులు వాడుతున్నవారిని కూడా కలిపిన మొత్తం. మొత్తం నుంచి మొదటి రెండు వరుసలను తీసివేస్తే, మందులతో బీపీ అదుపులో ఉన్నవారు మిగులుతారు. దేశం మొత్తం మీద స్త్రీలలో 21.3 నుంచి 12.4, 5.2 తీసివేయగా మిగిలేది 3.7 మాత్రమే, అంటే బీపీ ఉన్న ఆరుగురిలో ఒక్కరికే అది అదుపులో ఉంది. పురుషులలో 24.0 శాతానికి గాను 2.6 శాతమే, అంటే తొమ్మిదిమందిలో ఒక్కరు. ఇంత ముఖ్యమైన విషయాన్ని పాఠకుడే లెక్క వేసుకోవలసి రావడం నాకు బాధ కలిగించింది.

షుగర్ అంకెలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. పరీక్ష పరగడుపున చేసినది కాదు కనుక, షుగర్ 140 (మి.గ్రా./డె.లీ.; ఈ సర్వేలో ‘ఎక్కువ’ అని లెక్కించే హద్దు) దాటిన ప్రతి ఒక్కరికీ మధుమేహం ఉన్నట్టు కాదు. నాలుగవ సర్వేలో స్త్రీలకు 49, పురుషులకు 54 ఏళ్ల వరకే ఈ పరీక్షలు చేశారు కనుక, ఆ శాతాలతో వీటిని పోల్చడం కూడా సరికాదు.

ఉప్పు వాడకం, శారీరక శ్రమ గురించి తెలుసుకోవాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017-18 సర్వేను ఆశ్రయించాలి. అందులో పరగడుపు షుగర్ కూడా చూశారు గానీ, 12,000 ఇళ్లతో జరిగిన ఆ సర్వే జిల్లా లెక్కలు ఇవ్వదు. మీ జిల్లా పరిస్థితి కావాలంటే ఈ షీటునే తెరిచి, ముందు ఆ తీసివేత చేసి చూడండి.