ఇంటి నుంచి విశ్వవిద్యాలయ డేటాబేసులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

విశ్వవిద్యాలయ లైబ్రరీ ద్వారా ఏయే పరిశోధన డేటాబేసులు, అంటే పరిశోధన పత్రికల వ్యాసాలుండే ఆన్‌లైన్ నిల్వలు, అందుతాయో ఈ రంగంలో ఉన్నవారికి తెలిసిందే కనుక ఆ జాబితా జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్క సదుపాయం గురించే. క్యాంపస్‌లో అడుగు పెట్టకుండా, విశ్వవిద్యాలయం ఇచ్చిన లాగిన్‌తో ఇంట్లోనే వ్యాసాలు చదువుకోగలగడం. గుంటూరు బ్రాడీపేటలో కాపురం, విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఉద్యోగం, వీటి నడుమ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. లైబ్రరీ తెరిచి ఉండే వేళలో నేను తరగతి గదిలో ఉంటాను. ఈ సదుపాయం లేకపోతే నా పరిశోధన రెండో అధ్యాయం దాటేది కాదు.

నా అంశం కృష్ణా డెల్టా వ్యవసాయ చరిత్ర. 1832-33 నాటి డొక్కల కరువు, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, ఆ తర్వాత శిస్తులోనూ వరిసాగులోనూ వచ్చిన మార్పులు చూస్తున్నాను. వీటికి కావలసిన వ్యాసాలు నాకు చాలావరకు 1963లో మొదలైన ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ, 1967లో మొదలైన మోడర్న్ ఏషియన్ స్టడీస్ వంటి పత్రికల పాత సంచికల్లో దొరికాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక వ్యాసం తెరిచి, దాని పాదసూచికలో కనబడిన మరో వ్యాసాన్ని అప్పటికప్పుడు తెరిచి, రచయిత చెప్పిన శిస్తు లెక్క మూలంలో అలాగే ఉందో లేదో సరిచూసుకోగలగడం నాకు ఇప్పటికీ ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఆ దారి సరిగ్గా మూడో అధ్యాయం గైడుగారికి ఇవ్వవలసిన వారంలో మూసుకుపోయింది. లాగిన్ అయింది, వెతికితే వ్యాసమూ కనబడింది. పీడీఎఫ్ గుర్తు మీద నొక్కేసరికి మాత్రం, మీ సంస్థ నుంచి డౌన్‌లోడ్‌లు పరిమితికి మించి జరుగుతున్నందున ప్రవేశం నిలిపివేశామన్న నోటీసు వచ్చింది. ఎవరిని సంప్రదించాలో అందులో లేదు. లైబ్రరీకి ఫోన్ చేస్తే అసిస్టెంట్ లైబ్రేరియన్ మేడమ్, "మీ ఒక్కరికే కాదండీ, కెమిస్ట్రీ వాళ్లు పొద్దుటి నుంచీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు" అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లి ఆమె పక్కన కూర్చుంటే సంగతి తెలిసింది. బయటి నుంచి వచ్చే మేమందరం అప్పట్లో లైబ్రరీ ప్రాక్సీ సర్వర్ గుండా, అంటే మా తరఫున వెబ్‌సైట్లను తెరిచిపెట్టే లైబ్రరీ కంప్యూటర్ గుండా వెళ్లేవాళ్లం. ఎంతమంది చదివినా ప్రచురణకర్త కంప్యూటర్లకు కనబడేది ఒకటే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య). ఎవరో ఫైళ్లను వాటంతటవే దించే డౌన్‌లోడ్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక పత్రిక సంపుటాలను వరసబెట్టి దించారు. యూజర్ పేరు ఉన్న వరుసను అరచేత్తో కప్పి ఆమె లాగ్, అంటే ఎవరు ఏది ఎప్పుడు దించారో నమోదయ్యే పట్టిక చూపించారు. క్షణాల తేడాతో, ఒక వ్యాసం వెంట మరొకటి, తెల్లవారుజాము దాకా అదే ఖాతా. లైసెన్సు ఒప్పందాలు ఇలాంటి మూకుమ్మడి డౌన్‌లోడ్‌ను ఒప్పుకోవు, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక్క ఇంటివాడు బిల్లు ఎగ్గొట్టాడని వీధి మొత్తానికి కరెంటు తీసేసినట్టు, ముందుగా ఒక్క హెచ్చరికైనా లేకుండా విశ్వవిద్యాలయమంతటికీ తలుపు మూయడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ ఖాతాను ఆపి, ప్రచురణకర్తకు వివరణ రాసి, ఇకముందు జరగదని హామీ ఇచ్చాక గానీ ప్రవేశాన్ని పునరుద్ధరించలేదు. అంతా తానే చూసుకున్న ఆ మేడమ్‌కు నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

ఇప్పుడు మేం, విశ్వవిద్యాలయ లైబ్రరీలను అనుసంధానించే యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ అనే లాగిన్ వ్యవస్థ ద్వారా వెళ్తున్నాం. ఇందులో మన గుర్తింపును మన సంస్థే ధ్రువీకరిస్తుంది. ప్రచురణకర్తకు పేరు తెలియకుండానే ఒక్కొక్కరికీ వేరు సంకేతం వెళ్లే ఏర్పాటు ఉంది కనుక, నియమం తప్పిన ఒక్కరినే ఆపే వీలుంటుంది. ఇబ్బందల్లా సంస్థ పేరు ఎంచుకునే చోటు ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కోచోట దాగి ఉండడం. మొదట్లో దీనికే విసిగిపోయి మానేసినవారు మా విభాగంలో ఉన్నారు.

అన్నీ ఇంటికే వస్తాయని తోటివారికి నేను లోగడ చెప్పిన మాట కూడా వ్యాసాల వరకే నిజం. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000 వచ్చాయి, కానీ అది పత్రికల పథకం. చరిత్రలో సగం వాదం పుస్తకాల్లోనే ఉంటుంది, వాటి కోసం నేను ఇంకా లైబ్రరీ బీరువాల మధ్యకే వెళ్లాలి. కెమిస్ట్రీ మిత్రులకు ఈ లోటు అంతగా తెలియకపోవచ్చు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రేషన్ ఉండి, పగలు ఉద్యోగం చేసుకునేవారైతే ఈ లాగిన్ మొదటి వారంలోనే అడిగి తీసుకోండి. నాకు మాత్రం ఇది పీహెచ్‌డీ ఉన్నంతకాలమే. ఆ పత్రికల పథకం ప్రభుత్వ సంస్థలకే గనుక నేను పాఠాలు చెప్పే కళాశాలకు అది వర్తించదు. అందుకే అక్కడి సహోద్యోగులు అడిగినప్పుడు, ఏ లాగినూ అక్కరలేకుండా సిద్ధాంత గ్రంథాలు పూర్తిగా చదువుకోనిచ్చే శోధగంగ వెబ్‌సైట్‌తో మొదలుపెట్టమని చెబుతున్నాను.