మూడేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్: ఆక్సిజన్ సెన్సార్ కోడ్ రెండుసార్లు వచ్చింది, మార్చాల్సింది ఒక్కసారే

మూడేళ్ల కిందట విశాఖ నుంచి శ్రీకాకుళం వస్తుంటే రణస్థలం దాటాక డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. బండి నడకలో తేడా లేదు, అయినా ఇంటికి చేరేదాకా టెన్షనే. మర్నాడు ఒక పెద్ద వర్క్‌షాపులో మిషన్ పెట్టి చూసి, ఆక్సిజన్ సెన్సార్ (ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) పోయింది, 8 వేలవుతుంది అన్నారు. కోడ్ ఏమిటని అడిగితే చెప్పలేదు. ఆ కోపంతోనే, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే ఈ ఓబీడీ స్కానర్, వెయ్యి లోపు దొరికే బ్లూటూత్ రకం, కొన్నాను.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌తో కలిపితే పి0135 అని వచ్చింది. ఇది సెన్సార్ హీటర్ సర్క్యూట్ కోడ్. సెన్సార్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేనే సరిగ్గా పనిచేస్తుంది, అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. సర్క్యూట్ అంటే హీటర్ ఒక్కటే కాదు. ఫ్యూజు, వైరు, ప్లగ్గు అన్నీ అందులోకే వస్తాయి.

చిలకపాలెంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సెన్సార్ ప్లగ్గు ఊడదీసి, ఒకే రంగులో ఉన్న రెండు హీటర్ వైర్ల మీద మల్టీమీటర్ పెట్టాడు. కొద్ది ఓమ్‌లు చూపించింది, అంటే హీటర్ తెగలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి కారు వైపు ప్లగ్గులో చూస్తే 12 వోల్టులు రావడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. వైరు పట్టుకుని చేత్తో తడుముతూ గేర్‌బాక్సు దాకా వెళ్లి ఆగాడు. "సెన్సార్ కాదు బాబూ, ఎలకలు వైరు కొరికీసాయి" అన్నాడు. పైతొడుగు ఒలిచేసి, రాగి పోగులు బయటికొచ్చి ఉన్నాయి. కారు పెట్టేది వరి పొలాల పక్కనే మరి. వైరు అతికి టంకం వేసినందుకు 300 తీసుకున్నాడు.

రెండోసారి నిరుడు. ఈసారి పి0133, అంటే సెన్సార్ మందగించింది. లీటరుకు 17 వచ్చే మైలేజీ 14కు పడిపోయింది. ఇక్కడే స్కానర్ నిజంగా పనికొచ్చింది. ఇంజిన్ వేడెక్కాక, ముందు సెన్సార్ వోల్టేజి 0.1కి, 0.9కి మధ్య చకచకా ఊగుతుండాలి. నాది పైకెళ్లి, కాసేపు అక్కడే ఉండి, బద్ధకంగా దిగుతోంది. (వెనక, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే సెన్సార్ మాత్రం దాదాపు నిలకడగా ఉండాలి. దాని గీత చూసి కంగారు పడొద్దు.) ఎగ్జాస్ట్ జాయింట్లలో లీకుంటే బయటి గాలి దూరి సెన్సార్‌ను తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి, మెకానిక్ ముందు మసి మరకల కోసం వెతికాడు. ఏమీ లేవు. అప్పుడే కొత్త సెన్సార్ వేయించాను. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ ఇంధనం మోతాదులో చేసుకునే దీర్ఘకాల సవరణ) 13 శాతం నుంచి నాలుగైదు రోజుల్లో 2కు దిగింది, మైలేజీ తిరిగొచ్చింది.

స్కానర్‌లో లోపాలున్నాయి. ఒకేసారి ఐదారు రీడింగులు పెడితే గ్రాఫ్ నత్తలా కదులుతుంది, మంచి సెన్సార్ కూడా మందగించినట్టే కనిపిస్తుంది. అందుకే వోల్టేజి ఒక్కటే పెట్టి చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్‌లు నాది చదవదు. పాతరకం బ్లూటూత్ కాబట్టి మా తమ్ముడి ఐఫోన్‌కు కలవలేదు.

కోడ్ చెరిపేసినంత మాత్రాన రిపేరు అయినట్టు కాదు. వైరు అతకక ముందు నేనూ ఒకసారి చెరిపాను, ఎచ్చెర్ల చేరేలోపే లైటు మళ్లీ వచ్చింది. లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం అది మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం), కన్వర్టర్ పాడవుతుంది. వెంటనే పక్కన ఆపండి.

సంక్రాంతికి బస్సులో రాజాం వెళ్తూ దీన్ని సాకెట్‌లోనే మరిచిపోయాను. తొమ్మిది రోజుల తర్వాత వస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది. అప్పటి నుంచి పని కాగానే ఊడదీసి డాష్‌బోర్డు అరలో పెడుతున్నాను.