పున్నమి చంద్రుడికి 70-300 లెన్సు: ఏళ్ల తరబడి వాడాక

ఓరుగల్లు చుట్టుపక్కల చంద్రోదయాలన్నీ నేను మామూలు 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతోనే తీస్తున్నా. పెళ్లి ఫొటోగ్రాఫర్ల చేతుల్లో ఉండే తెల్ల లెన్సుల ధరలో దీనికి పావు వంతు కూడా పెట్టక్కర్లేదు. పని జరుగుతుంది, కాళ్లకు కాస్త శ్రమ ఇస్తే.

జూమ్ చివర 300 దగ్గర చంద్రబింబం కెమెరాలోని సెన్సార్ మీద 2.7 మిల్లీమీటర్లే పడుతుంది. క్రాప్ సెన్సార్ (చిన్న సైజు సెన్సార్) కెమెరాలో అది ఫ్రేము ఎత్తులో ఆరో వంతు. ఇక మన చేతిలో ఉన్నది ఎంత దూరంలో నిలబడి ముందున్న కట్టడాన్ని ఎంత పెద్దగా చూపాలన్నదే. ఖిలా వరంగల్‌లో తూర్పు కీర్తితోరణం (కాకతీయుల రాతి ద్వారం) మధ్యలోంచి చంద్రుణ్ని పట్టాలని అందరికీ ఆశ. 150 మీటర్ల దూరంలో నిలబడితే ఆ తోరణం దగ్గర చంద్రుడి వెడల్పు మీటరున్నర కూడా ఉండదు. తోరణానికి బొట్టు పెట్టినట్టు ఉంటాడు. పైగా మార్చి, సెప్టెంబరు పున్నములకే సరిగ్గా తూర్పుకు దగ్గరగా వస్తాడు. చలికాలంలో ఈశాన్యానికి, ఎండాకాలంలో ఆగ్నేయానికి జరుగుతాడు. నాకైతే అక్కడి ఏకశిల గుట్టే నచ్చుతుంది. కిలోమీటరు వెనక్కి పోతే గుట్ట మీది కట్టడం పక్కన చంద్రుడు తొమ్మిది మీటర్ల వెడల్పున కనిపిస్తాడు.

రోజు ఎంచుకోవడానికి పంచాంగాన్ని మించింది లేదు. పౌర్ణమి తిథి ముగిసే క్షణమే ఖగోళ లెక్కలో నిండు చంద్రుడు. ఆ తిథి మర్నాడు పొద్దున ముగిసేట్టుంటే ముందురోజు సాయంత్రం పొద్దు గూకకముందే చంద్రుడు లేస్తాడు. పొలాలు, రాళ్లు ఇంకా కనిపిస్తుంటాయి, చంద్రుడి మీద మచ్చలూ నిలుస్తాయి. తిథి అదే రోజు పొద్దున ముగిసిపోతే ఆ సాయంత్రం చీకటి పడ్డాక వస్తాడు. నల్లటి నేల మీద తెల్లటి బిళ్ల మిగులుతుంది. మన దగ్గర సంధ్య వెలుగు ఉండేది ఇరవై నిమిషాలే, తొందరపడాలి.

ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందన) 400, ఎఫ్/8 (లెన్సు రంధ్రం), షట్టర్ 1/125 సెకనుతో మొదలుపెడతా. ఎఫ్/5.6 దగ్గర 300లో అంచులు మెత్తబడతాయి, ఎఫ్/8కి వస్తే బాగుంటుంది.

ఇక విసుగు తెప్పించేవి. మసక వెలుతురులో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంటుంది. చేత్తో తిప్పుదామంటే ఫోకస్ రింగు అనంతం గుర్తు (చాలా దూరపు వస్తువులకు ఫోకస్ కుదిరే చోటు) దాటి ఇంకా పోతుంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి, చంద్రుడి అంచు సన్నగా తేలేవరకు వెంట్రుకవాసి కదుపుతూ చూడాల్సిందే. లెన్సునే ట్రైపాడ్‌కు బిగించే పట్టీ (ట్రైపాడ్ కాలర్) లేదు కాబట్టి ముందు బరువుకు కెమెరా మెల్లగా వంగుతుంది. బిగించాక కాసేపు ఆగి తీయాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు వణుకు తగ్గించే మీట ఆపేస్తా. మెడలో వేసుకుని నడిస్తే లెన్సు గొట్టం దానంతట అదే జారుతుంది, ఎర్రమట్టి దుమ్మంతా లోపలికి లాగుతుంది. వరికొయ్యలు కాల్చే రోజుల్లో ఆ పొగకు ఎంత లెన్సున్నా దండగే.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు వెనక నుంచి టార్చి వేసి ముందు గాజులోంచి చూడండి. దారపు పోగుల్లాంటి బూజు కనబడితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.