మంత్రాలయం యాత్రికుడా, గండికోట టూరిస్టా: సీమకు ఎవరితో మేలు?

రాయలసీమలో టూరిజం మీద ఏ సమావేశం జరిగినా మొదట వచ్చే ప్రశ్న “ఏడాదికి ఎంతమంది వస్తున్నారు?” అనే. వచ్చినవాళ్లు రాత్రి ఉన్నారా, పొద్దున టిఫిన్ ఎక్కడ తిన్నారు, ఆ టిఫిన్‌కు సరుకులు ఏ ఊరి అంగట్లో కొన్నారు అని అడిగేవాళ్లు తక్కువ. ఊరికి ఏం మిగిలిందో తెలిసేది మాత్రం ఈ ప్రశ్నలతోనే. అందుకే కర్నూలు జిల్లా మంత్రాలయాన్నీ, కడప జిల్లా గండికోటనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

ముందు మంత్రాలయం. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన క్షేత్రం. కర్ణాటక నుంచి వచ్చే భక్తులు ఎంత ఎక్కువంటే అంగళ్లలో కన్నడ రానివాడు వ్యాపారం చేయలేడు. గురువారం వచ్చిందంటే రద్దీ, శ్రావణంలో ఆరాధన రోజుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. అయినా అసలు బలం ఈ రద్దీ రోజుల్లో లేదు. ఎండాకాలంలో మామూలు మంగళవారం కూడా ఎవరో ఒకరు బస్సు దిగుతూనే ఉంటారు. పూలమ్మేవాళ్లకు, కాఫీ కొట్టువాడికి ఏడాది పొడవునా బేరం ఉంటుంది.

యాత్రికుడు పెద్దగా ఖర్చు పెట్టడు. నలుగురున్న కుటుంబం రెండు వేలతో దర్శనం ముగించుకుందనుకుందాం. మఠం గదిలో దిగుతారు, మధ్యాహ్నం అన్నప్రసాదం ఉచితం. లాడ్జీ యజమానులకు ఇది కొంచెం చేదు నిజమే. కానీ ఆ రెండు వేలు విడిపోయే తీరు చూడండి: ఆటోకు, పూలకు, అరటిపండ్లకు, ఇడ్లీకి, పిల్లలకు బొమ్మలకు, ఇంటికి పట్టుకెళ్లే పటాలకు. పది ఇరవై రూపాయల నోట్లు పదిమంది చేతుల్లో పడతాయి. మంత్రాలయం రోడ్ రైల్వే స్టేషన్ ఊరికి దాదాపు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రయాణికుడికి అది తిప్పలు, ఆటోవాళ్లకు అదే కూడు.

ఇక్కడితో ఆగితే మంత్రాలయానికే ఓటు వేయాలి. అయితే పక్కనే ఉన్న కోసిగి వైపు ఊళ్లు చూస్తే మనసు ఒప్పదు. సుగ్గి అంటూ మిరప కోతలకు గుంటూరు జిల్లాకు కుటుంబాలతో సహా వలస పోవడం అక్కడ ఎన్నేళ్లుగానో ఉన్నదే. పిల్లల బడి మధ్యలో ఆగిపోయేదీ ఈ వలసల వల్లే. అంతమంది భక్తులు వస్తున్నా ఆ డబ్బు గుడి వీధులు దాటి ఊళ్లలోకి పారడం లేదన్నమాట. మనిషి పొద్దున వచ్చి సాయంత్రం పోతుంటే చుట్టుపక్కల రైతు కూరగాయలకూ, పాలకూ గిరాకీ ఎంతని పెరుగుతుంది?

గండికోట కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ, పెమ్మసాని నాయకుల కోట, లోపల మాధవరాయ స్వామి, రంగనాథస్వామి ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం. బెంగళూరు నుంచి సుమారు 280 కిలోమీటర్లు కాబట్టి శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. శనివారం రాత్రి టెంట్లో పడుకుని తెల్లవారుజామున లోయ మీద సూర్యోదయం చూడటమే చాలామందికి యాత్ర.

అదే నలుగురు ఇక్కడ ఎనిమిది వేలు ఖర్చు పెట్టారనుకుందాం. నాలుగింతలు కదా అని సంబరపడే ముందు ఆ డబ్బు వెంట కాస్త నడవాలి. టెంటు బుకింగ్ ఫోన్లోనే అయిపోయింది, యాప్ కమిషన్ అటే పోయింది. డీజిల్ హైవే మీద పోయించారు. బిస్కెట్లు, నీళ్ల సీసాలు, కాల్చుకునే చికెన్ కూడా కారు డిక్కీలోనే వచ్చాయి. కోటలో మిగిలింది చెత్త, టెంటు పిల్లవాడి కూలి, రెండు టీలు. అందరూ ఇలాగే వస్తారని కాదు. హరిత హోటల్లో దిగేవాళ్లున్నారు, జమ్మలమడుగులో భోంచేసేవాళ్లున్నారు. కానీ సోమవారం నుంచి గురువారం దాకా ఖాళీ, ఏప్రిల్, మే ఎండల్లో మరీ ఖాళీ. వారానికి రెండు రోజుల బేరాన్ని నమ్ముకుని ఎవరూ వంటమనిషిని నెల జీతానికి పెట్టుకోరు.

పెద్ద స్టార్ హోటల్ వస్తే ఇది మారుతుందా? కొంత మారుతుంది. హోటల్ ఎక్కడుంటే గది మీది జీఎస్టీలో రాష్ట్రం వాటా ఆ రాష్ట్రానికే వస్తుంది కనుక, బెంగళూరువాడు బుక్ చేసినా ఆంధ్రాకే జమ. అది ప్రభుత్వ ఖజానా లెక్క. ఊరి లెక్క వేరు: మేనేజరు, షెఫ్ బయటినుంచి వస్తారు, మనవాళ్లకు సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఉద్యోగాలు. హోటల్ వంటగది ప్రొద్దుటూరు మార్కెట్లో కూరగాయలు కొంటుందా, లారీలో తెప్పించుకుంటుందా అన్న ఒక్కదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. భూమి ఇచ్చేటప్పుడు ఆ షరతు రాయించుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ వినరు.

ఒక్క ఆకర్షణనే నమ్ముకుంటే ఏమవుతుందో పుట్టపర్తిని చూసి తెలుసుకోవచ్చు. అనంతపురం జిల్లాలో ఉన్న రోజుల్లోనే చిన్న పల్లెకు విమానాశ్రయం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, వీధుల నిండా హోటళ్లు వచ్చాయి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా కన్నుమూశాక విదేశీ భక్తుల రాక తగ్గి, ఎన్నో హోటళ్లు, దుకాణాలు బేరాలు లేక చిక్కిపోయాయి. ఆసుపత్రి, విద్యాసంస్థలు నిలబడటం వల్లే ఊరికి ఇంకా ఊపిరి ఉంది. పెన్న లోయకు ఆ భయం లేదు, అది ఎక్కడికీ పోదు.

కాబట్టి నా తీర్పు రెండు ముక్కలు. ఈరోజు పేదవాడి చేతిలో పైసా పడేది మంత్రాలయంలోనే. రేపటికి ప్రభుత్వ సొమ్ము పెట్టాల్సింది మాత్రం గండికోటలో. పెరగడానికి చోటున్నది అక్కడే, టూరిస్టును ఇంకో రాత్రి ఆపగలిగితే ఇప్పుడు బయటికి పోతున్నదంతా లోపలే తిరుగుతుంది. 2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. అందులో సిమెంటు పనులకు పోయేది ఎటూ పోతుంది. నన్నడిగితే మిగిలినదాంట్లో మొదటి వాటా కోట చరిత్ర తెలిసిన స్థానిక గైడ్లకు, రెండోది రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని బజ్జీ వండి పెట్టే మహిళా సంఘాలకు ఇవ్వాలి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చట్టం ఒప్పదు, ఆపై 200 మీటర్లకూ అనుమతి కావాలి. అందుకని కోటలో గదులు కట్టాలని పట్టుబట్టకుండా హోమ్‌స్టేలు జమ్మలమడుగులోనే పెంచడం మేలు.

రెండో రాత్రికి కారణం కూడా దగ్గర్లోనే ఉంది. 3,229 మీటర్ల బెలుం గుహలు నంద్యాల జిల్లాలోకి పోయినా, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడు అనంతపురం జిల్లాలో ఉన్నా, కారున్నవాడికి ఇదంతా ఒకరోజు తిరుగుడే. మూడు జిల్లాల టూరిజం అధికారులు కలిసి కూర్చుంటే, జమ్మలమడుగు నుంచి పొద్దున బయల్దేరి బెలుం, తాడిపత్రి చూపించి సాయంత్రానికి వెనక్కి తెచ్చే ఒక్క బస్సుతో మొదలుపెట్టొచ్చు.